పాత ఫోనుకు కొత్త కెర్నెల్: వేగం ఎంత? ముప్పు ఎంత?

క్యాంపుల్లో ఉండే మనకు ఫోను అంటే ఇంటి గుమ్మం లాంటిది. పిల్లల ముఖం చూడాలన్నా, జీతం పడిందో లేదో తెలియాలన్నా, ఇంటికి డబ్బు పంపాలన్నా, రేపటి డ్యూటీ ఏ సైటుకు మారిందో చూసుకోవాలన్నా అదే దిక్కు. అలాంటి ఫోను మూడు, నాలుగేళ్లు తిరిగేసరికి మొరాయిస్తుంది. యాప్ నొక్కితే తెల్లటి తెర వచ్చి ఆగిపోతుంది. కాల్ వస్తే మోగుతుంది గానీ ఎత్తే బొత్తాం కనిపించదు. కొత్తది కొందామంటే నాలుగైదు వందల దిర్హాములు. అవి ఇంట్లో నెల సరుకులకు వచ్చే డబ్బులు.

ఇలాంటప్పుడే ఎవరో ఒకరు చెబుతారు: "కెర్నెల్ మార్పించు, కొత్త ఫోనులెక్క ఉరుకుతది" అని. సోనాపూర్‌లో మా క్యాంపులో ఈ మాట కొన్నాళ్లుగా బాగా తిరుగుతోంది. ఇంటర్నెట్టులో చూసి తామే చేసుకుంటామనే కుర్రాళ్లూ ఉన్నారు, డబ్బు తీసుకుని చేసిపెడతామనేవాళ్లూ ఉన్నారు. ఇందులో నిజమెంతో తేల్చుకుందామని ఒక పాత ఫోను మీద మూడు వారాల పాటు పరీక్ష చేశాను. నేను ఇంజనీరును కాను. ఇంటర్ చదివి, ఒక కాంట్రాక్టు కంపెనీలో టైమ్‌షీట్లు రాసే గుమాస్తాను. కానీ లెక్క రాయడం నా రోజువారీ పని కాబట్టి, ఫోను లెక్క కూడా అలాగే రాసి పెట్టాను.

కెర్నెల్ అంటే సైటులో ఫోర్‌మన్

కెర్నెల్ అన్న మాటకు గింజలోని పప్పు అని అర్థం. పైన కనిపించే బొమ్మలు, రంగులు, బొత్తాలు పొట్టు లాంటివి. లోపల ఉండి పని నడిపించే సాఫ్ట్‌వేరు కెర్నెల్.

మన సైటు పోలికతో చూస్తే సులువుగా అర్థమవుతుంది. ఆఫీసులో ఇంజనీర్లు ఉంటారు, కింద లేబర్ ఉంటారు. ఇంజనీరు నేరుగా వచ్చి పార పట్టుకోడు. ఏ పని కావాలో ఫోర్‌మన్‌కు చెబుతాడు. ఎంతమందిని పెట్టాలి, ఎవరిని ఎక్కడికి పంపాలి, స్టోరు నుంచి ఎంత సామాను తీయాలి, ఎవరికి ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలి అన్నది ఫోర్‌మన్ చూసుకుంటాడు. ఫోనులో యాప్‌లు ఇంజనీర్ల లాంటివి. ప్రాసెసరు, మెమరీ, కెమెరా, బ్యాటరీ మొదలైనవి లేబరు, సామాను. మధ్యలో ఫోర్‌మన్ పని చేసేది కెర్నెల్. అదే లేబరు, అదే సామాను ఉన్నా ఫోర్‌మన్ మారితే పని తీరు మారుతుందని మనకు తెలుసు. కస్టమ్ కెర్నెల్ వెనక ఉన్న ఆశ కూడా అదే.

అయితే ఒక్క మాట. ఎంత గొప్ప ఫోర్‌మన్ వచ్చినా పదిమంది లేబరును ఇరవైమందిని చేయలేడు. ఈ సంగతి చివరిదాకా గుర్తుపెట్టుకోవాలి.

బయటివాళ్లు ఎలా మార్చగలుగుతున్నారు?

ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలో ఉండేది లైనక్స్ కెర్నెల్. దీన్ని మొదలుపెట్టింది ఫిన్లాండ్‌కు చెందిన లైనస్ టోర్వాల్డ్స్. 1991 ఆగస్టు 25న హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థిగా ఉండగా, తాను సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని నలుగురికీ తెలియజేశాడు. ఆ మరుసటి ఏడాదే దాన్ని జీపీఎల్ అనే లైసెన్సు కిందకు తెచ్చాడు. ఈ కెర్నెల్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ మార్చి పదిమందికీ ఇచ్చేటప్పుడు దాని మూల రాతను కూడా చూపించాలన్నది ఆ లైసెన్సు నియమం.

2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను హెచ్‌టీసీ డ్రీమ్ అమ్మకానికి వచ్చింది. అందులోనూ ఇదే కెర్నెల్. అందువల్ల ఫోను కంపెనీలు తమ కెర్నెల్ మూల రాతను బయటపెట్టాల్సి వస్తుంది. దాన్ని తీసుకుని, తమకు నచ్చిన మార్పులు చేసి, మళ్లీ తయారు చేసి పంచేవారు ప్రపంచమంతటా ఉన్నారు. ఫ్రాంకో కెర్నెల్, ఎలిమెంటల్ ఎక్స్ లాంటివి అలా పేరు తెచ్చుకున్నవే. అంటే ఇది దొంగపనీ కాదు, మంత్రమూ కాదు. చట్టబద్ధమైన పనే. మన జేబుకు, మన అవసరానికి సరిపోతుందా లేదా అన్నదే చూసుకోవాల్సింది.

లోపల మార్చేవి ఏమిటి?

మొదటిది గవర్నర్. ప్రాసెసరు ఎప్పుడు ఎంత వేగంతో నడవాలో నిర్ణయించే భాగం ఇది. నేను పరీక్షించిన ఫోనులో స్నాప్‌డ్రాగన్ 625 ప్రాసెసరు ఉంది. దానికి ఎనిమిది కోర్లు. ఒక్కొక్కటి కనిష్ఠంగా 652 మెగాహెర్ట్జ్, గరిష్ఠంగా 2016 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. 'పెర్ఫార్మెన్స్' గవర్నర్ పెడితే పని ఉన్నా లేకున్నా పై వేగంలోనే ఉంచుతుంది. 'పవర్‌సేవ్' పెడితే కింది వేగం దాటనివ్వదు. 'ఇంటరాక్టివ్' మీ వేలు తెరను తాకగానే వేగం పెంచి, తర్వాత దించుతుంది. 2016లో లైనక్స్‌లోకి వచ్చిన 'షెడ్‌యుటిల్' పని ఎంత ఉందో చూసి అంతకు తగ్గ వేగం ఇస్తుంది. కంపెనీ ఒకటి పెట్టి ఇస్తుంది. కస్టమ్ కెర్నెల్‌లో నాలుగైదు ఉంటాయి, మనం ఎంచుకోవచ్చు.

రెండోది మెమరీ. జీర్యామ్ అనే పద్ధతిలో, వాడకుండా పక్కన ఉన్న యాప్‌ల సమాచారాన్ని కుదించి ర్యామ్‌లోనే దాస్తారు. ఊరికి పోయేటప్పుడు దుప్పట్లు నొక్కి సూట్‌కేసులో పట్టించినట్టు. జాగా కలిసొస్తుంది, కానీ మళ్లీ విప్పడానికి కొంచెం సమయం, కొంచెం కరెంటు పడుతుంది.

మూడోది వోల్టేజీ. ప్రాసెసరుకు కంపెనీ ఇచ్చే కరెంటు ఒత్తిడిని కాస్త తగ్గిస్తే వేడి, ఖర్చు తగ్గుతాయి. మరీ తగ్గిస్తే ఫోను ఉన్నట్టుండి ఆగిపోతుంది.

నాలుగోది, అన్నింటికంటే జాగ్రత్తగా చూడాల్సింది, వేడి హద్దు. ఫోను కాలితే వేగం తగ్గించుకోవాలన్న నియమం కంపెనీ కెర్నెల్‌లో ఉంటుంది. వేగం కోసం ఆ హద్దును సడలించే కస్టమ్ కెర్నెళ్లు కొన్ని ఉన్నాయి. గల్ఫ్ ఎండలో దీని అర్థమేమిటో కింద చెబుతాను.

పరీక్ష ఎలా చేశామంటే

2017లో మార్కెట్లోకి వచ్చిన ఫోను, 3 జీబీ ర్యామ్. సిమ్ లేని అదనపు ఫోను. అందులో ఎవరి బ్యాంకు వివరాలూ లేవు. మొదటి వారం కంపెనీ కెర్నెల్‌తో, రెండో వారం కస్టమ్ కెర్నెల్‌తో మామూలు అమరికలో, మూడో వారం అదే కెర్నెల్‌ను పెర్ఫార్మెన్స్ గవర్నర్‌లో నడిపాం. మూడు వారాలూ అవే యాప్‌లు, అదే వైఫై, తెర వెలుతురు కూడా ఒకటే.

అయిదు లెక్కలు పెట్టుకున్నాం. ఒకటి, రాత్రి 9 గంటలకు నిండా ఛార్జి చేసి పక్కన పెట్టి, ఉదయం 5 గంటలకు ఎంత తగ్గిందో చూడటం. రెండు, గంటసేపు అదే వీడియో నడపడం. మూడు, ఫోను ఆపి మళ్లీ పెట్టాక ఒక యాప్ ఎంత సేపటికి తెరుచుకుంటుందో చూడటం. దీన్ని చేతి గడియారంతో కొలిస్తే తేడా తెలియదు. ఇంకో ఫోనుతో స్లోమోషన్ వీడియో తీసి లెక్కపెట్టాం. ప్రతిసారీ అయిదు మార్లు చేసి, మధ్యలో వచ్చిన అంకె తీసుకున్నాం. నాలుగు, పది యాప్‌లు వరుసగా తెరిచి వెనక్కి వెళితే ఎన్ని ఉన్నచోటే ఉన్నాయి, ఎన్ని మళ్లీ మొదటి నుంచి మొదలయ్యాయి అన్నది. అయిదు, మధ్యాహ్నం వరండా నీడలో పావుగంట సేపు ఆట ఆడి వేడి చూడటం.

రాసుకున్న లెక్క

రాత్రంతా పక్కన పెట్టినప్పుడు కంపెనీ కెర్నెల్‌తో 9 శాతం ఛార్జి పోతే, కస్టమ్ కెర్నెల్‌తో 6 శాతం పోయింది. ఇది మంచి ఫలితమే.

వీడియోలో తేడా ఒక్క శాతం. దాన్ని తేడా అని చెప్పలేను. వీడియోను విప్పే పని చిప్‌లో ఉండే వేరే విభాగం చేస్తుంది, ఎక్కువ కరెంటు తెర తింటుంది. కెర్నెల్ అక్కడ చేయగలిగింది తక్కువ.

యాప్ తెరుచుకోవడానికి కంపెనీ కెర్నెల్‌తో 3.1 సెకన్లు, కస్టమ్‌తో 2.7, పెర్ఫార్మెన్స్‌లో 2.4 సెకన్లు. కాగితం మీద బాగుంది. చేతిలో అర సెకను తేడా మొదటి రోజు తెలుస్తుంది, మూడో రోజుకు అలవాటైపోతుంది.

పది యాప్‌లలో కంపెనీ కెర్నెల్‌తో నాలుగు ఉన్నచోట దొరికాయి, కస్టమ్‌తో ఆరు. డబ్బు పంపే ఫారం సగం నింపి మెసేజీ చూసుకుని వచ్చేసరికి ఫారం ఖాళీ అయ్యే బాధ ఉన్నవారికి ఇది పనికొచ్చే మార్పు.

ఇక ఆట. పెర్ఫార్మెన్స్‌లో మొదటి అయిదు నిమిషాలు ఉరికింది. పది నిమిషాలకు వెనక భాగం చేతికి చురుక్కుమంది. ఆ తర్వాత వేగం కంపెనీ కెర్నెల్ స్థాయికే దిగిపోయింది. వేడెక్కితే ప్రాసెసరు తనంతట తాను తగ్గుతుంది మరి. అంటే అయిదు నిమిషాల పరుగు కోసం బ్యాటరీని, చేతిని కాల్చుకున్నట్టయింది.

మధ్యలో ఇంకో కస్టమ్ కెర్నెల్ కూడా ఎక్కించి చూశాం. చేసినవారు అన్ని వెర్షన్లకూ సరిపోతుందని రాశారు గానీ, ఫోను మొదటి బొమ్మ దగ్గరే తిరుగుతూ ఉండిపోయింది. ముందుగా దాచిపెట్టుకున్న పాత కెర్నెల్ ఫైలును ల్యాప్‌టాప్ ద్వారా తిరిగి ఎక్కిస్తే గంటకు మళ్లీ లేచింది. ఆ ఫైలు, ఆ ల్యాప్‌టాప్ లేకపోయి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు.

పేరు చెప్పకుండా ఇస్తే గుర్తుపట్టారా?

ఒక ఆదివారం చిన్న పరీక్ష పెట్టాం. ఒకసారి కంపెనీ కెర్నెల్‌తో, ఒకసారి కస్టమ్‌తో, ఏది ఏదో చెప్పకుండా ఫోనును రూములో నలుగురికి ఇచ్చి, ఏది వేగంగా ఉందని అడిగాం. ఇద్దరు కస్టమ్ అన్నారు, ఒకరు కంపెనీది అన్నారు, ఒకరు రెండూ ఒకటే అన్నారు. అంతకు ముందు రోజు "ఇది కొత్త కెర్నెల్" అని చెప్పి ఇచ్చినప్పుడు మాత్రం నలుగురూ "అబ్బ, ఎంత ఫాస్టు" అన్నారు!

ఇది మా రూముకే పరిమితమైన సంగతి కాదు. కాన్ కొలివాస్ అని ఆస్ట్రేలియాలో ఒక డాక్టరు ఉన్నాడు. ఆపరేషన్ల ముందు మత్తు ఇచ్చే డాక్టరు. వృత్తి అది అయినా లైనక్స్ కెర్నెల్ మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. 2009లో బీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్ రాశాడు. ఏ పనికి ఎప్పుడు ప్రాసెసరును ఇవ్వాలో తేల్చే భాగం అది. మామూలు మనుషుల చిన్న కంప్యూటర్లు తడబడకుండా నడవాలన్నది ఆయన తపన. దాన్ని ఆండ్రాయిడ్ ప్రయోగాత్మక శాఖలో చేర్చి చూశారు. కానీ పేరు చెప్పకుండా జరిపిన పరీక్షల్లో వాడేవారికి మెరుగుదల కనిపించకపోవడంతో 2010లో వచ్చిన ఫ్రోయో వెర్షన్‌లో పెట్టలేదు. అంత పేరున్న పనికే అలా జరిగింది. కాబట్టి "నాకు ఫాస్టుగా అనిపిస్తోంది" అన్న మాట ఒక్కటే నమ్మి డబ్బు ఇవ్వకండి.

స్కోరు యాప్‌లు చూపే అంకెలూ అంతే. 2013లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 ఒక రకం ఫోన్లలో, స్కోరు యాప్‌లు తెరిచినప్పుడు మాత్రమే గ్రాఫిక్స్ చిప్ వేగం 480 మెగాహెర్ట్జ్ నుంచి 533కు పెరుగుతోందని ఆనంద్‌టెక్ అనే పత్రిక బయటపెట్టింది. 2022 మార్చిలో ఇంకో వివాదం వచ్చింది. మామూలు యాప్‌లను నెమ్మదింపజేసి స్కోరు యాప్‌ను మాత్రం వదిలేస్తున్నారని గెలాక్సీ ఎస్22 తదితర ఫోన్లను గీక్‌బెంచ్ తన పట్టిక నుంచి తీసేసింది. పెద్ద కంపెనీల అంకెలకే ఆ గతి పడితే, ఒక స్కోరు బొమ్మ చూపించి "డబుల్ స్పీడు" అనేవారి మాట ఎంతవరకు నమ్మాలో మీరే ఆలోచించండి.

అసలు ముప్పు బ్యాంకు యాప్ దగ్గర

మా క్యాంపులో షట్టరింగ్ కార్పెంటరు ఒకాయన ఉన్నాడు, జగిత్యాల వైపు. పరీక్ష జరుగుతుండగా ఒకరోజు వచ్చి, "తమ్మీ, నా ఫోను మస్తు స్లో అయింది. గా కెర్నెల్ ఏందో నాకు గూడ ఎక్కియ్యరాదూ?" అన్నాడు.

"అన్నా, నీకు ఇంకో ఫోను ఉన్నదా?" అని అడిగాను.

"లేదు. ఇదొక్కటే."

"పైసలు దేంట్లకెళ్లి పంపుతున్నవు?"

"ఇండ్లకెళ్లే. బ్యాంకు యాప్ ఉన్నది గద."

చిక్కంతా అక్కడే ఉంది. కెర్నెల్ మార్చాలంటే ముందుగా బూట్‌లోడర్ అనే తాళం తీయాలి. తాళం తీయగానే ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఫోటోలు, నంబర్లు, మెసేజీలు అన్నీ. అది మొదటి దెబ్బ. రెండోది ఇంకా పెద్దది. తాళం తీసిన ఫోనును గూగుల్ 'ప్లే ఇంటిగ్రిటీ' అనే తనిఖీ గుర్తుపడుతుంది. చాలా బ్యాంకు యాప్‌లు, డబ్బు పంపే యాప్‌లు ఆ తనిఖీ ఫలితం చూసి, "ఈ ఫోను సురక్షితం కాదు" అని తెరుచుకోవు. పరీక్ష ఫోనులో ఒక బ్యాంకు యాప్ దింపి చూశాం. కెర్నెల్ మార్చకముందే, తాళం తీసిన మరుక్షణం నుంచే తెరుచుకోనంది.

ఇదివరకైతే యాప్ లేకపోయినా ఎస్సెమ్మెస్‌లో ఓటీపీ వచ్చేది. యూఏఈ బ్యాంకులు 2025 జూలై నుంచి ఎస్సెమ్మెస్ ఓటీపీలను క్రమంగా ఆపి, యాప్‌లోనే ఆమోదం అడగడం మొదలుపెట్టాయి. అంటే యాప్ పోతే ఆన్‌లైన్ చెల్లింపుల దారి మూసుకున్నట్టే. పది సెకన్లు ఆదా చేయబోయి ఇంటికి డబ్బు పంపే దారి తెంపుకోవడం ఏమి లాభం?

తనిఖీని మోసం చేసే ఉపాయాలు ఉన్నాయని కొందరు చెబుతారు. అవి ఈ వారం పనిచేస్తే వచ్చే వారం ఆగిపోతాయి. జీతం పడిన రోజే ఆగిపోతే ఎవరిని అడుగుతారు? తాళం తిరిగి వేద్దామన్నా, మార్చిన కెర్నెల్ లోపల ఉండగా వేస్తే ఫోను అసలే లేవకపోవచ్చు. శామ్‌సంగ్ ఫోన్లలోనైతే బయటి కెర్నెల్ ఎక్కించగానే నాక్స్ అనే భద్రతా గుర్తు శాశ్వతంగా మారిపోతుంది. తర్వాత పాత సాఫ్ట్‌వేరు వేసినా అది వెనక్కి రాదు.

ఎవరు చేసిన కెర్నెల్?

ఇంకో సంగతి. కెర్నెల్ ఫోర్‌మన్ లాంటిదని చెప్పుకున్నాం. ఫోర్‌మన్ చేతిలో అన్ని తాళాలూ ఉంటాయి. మీరు తెర మీద నొక్కే ప్రతి అంకె, మీకు వచ్చే ప్రతి మెసేజీ దాని చేతుల మీదుగానే పోతుంది. మంచివాడు చేసిన కెర్నెల్ అయితే మేలు. 2016లో బయటపడిన 'డర్టీ కౌ' అనే లోపం 2007 నుంచీ లైనక్స్‌లో దాగి ఉంది. కంపెనీలు పట్టించుకోని పాత ఫోన్లకు అలాంటి లోపాల మరమ్మతులు అందించింది ఇలాంటి స్వచ్ఛంద పనివాళ్లే. అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఎవరో తెలియని మనిషి, మూల రాత చూపించకుండా, గ్రూపులో పంపిన ఫైలు ఎక్కించడం అంటే రూము తాళంచెవి దారినపోయేవాడి చేతిలో పెట్టడమే.

కొత్త ఫోన్లకు వచ్చేసరికి ఈ పనికి లాభం కూడా తగ్గింది. ఆండ్రాయిడ్ 12తో, 5.10 కెర్నెల్‌తో మొదలై వస్తున్న ఫోన్లలో కెర్నెల్ ప్రధాన భాగాన్ని గూగుల్ అందరికీ ఒకే రకంగా తయారు చేసి ఇస్తోంది. కంపెనీల సొంత భాగాలు విడిగా ఉంటాయి. పాత రోజుల్లో కంపెనీ వదిలేసిన లోపాలు సరిదిద్ది పెద్ద తేడా చూపినట్టు ఇప్పుడు చూపడం కష్టం.

ఎండకు, బ్యాటరీకి ఉన్న లంకె

ఆపిల్, శామ్‌సంగ్ లాంటి కంపెనీలు తమ ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని రాస్తాయి. దుబాయిలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపాలన్న రూలు ఎందుకు పెట్టారో మనకు తెలుసు. మనిషికే తట్టుకోలేని ఎండ లిథియం బ్యాటరీకి ఇంకా కష్టం. అలాంటి చోట వేడి హద్దు సడలించిన కెర్నెల్ పెట్టి, ఫోనును జేబులో వేసుకుని సైటుకు పోవడం, రాత్రి దాన్నే దిండు పక్కన ఛార్జింగ్ పెట్టుకుని పడుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఒక్క మంచం మీద నిప్పు పుడితే రూము మొత్తానికి ముప్పు.

ఫోను నెమ్మదించడానికి చాలాసార్లు అసలు కారణం కూడా బ్యాటరీయే. 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ ఒక సంగతి ఒప్పుకుంది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండటానికి వాటి వేగాన్ని సాఫ్ట్‌వేరే తగ్గిస్తోందని. గొడవ పెద్దదై, మరుసటి ఏడాది 29 డాలర్లకే బ్యాటరీ మార్చి ఇచ్చింది. బ్యాటరీ మార్చగానే ఆ ఫోన్లు మళ్లీ పాత వేగానికి వచ్చాయి. ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలో ఇదే ఏర్పాటు ఉందని కాదు. కానీ అలసిపోయిన బ్యాటరీ ఉన్న ఫోను ఏదైనా త్వరగా వేడెక్కుతుంది, 30 శాతం దగ్గరే ఆగిపోతుంది.

మా పరీక్ష ఫోనుకు చివర్లో పాత కెర్నెల్ తిరిగి పెట్టి, 45 దిర్హాములకు బ్యాటరీ మార్పించాం. నిండిపోయిన మెమరీలోంచి 8 జీబీ వీడియోలు తీసేశాం. యాప్ తెరుచుకునే సమయం 3.1 నుంచి 2.5 సెకన్లకు వచ్చింది. కస్టమ్ కెర్నెల్ మామూలు అమరికలో ఇచ్చినదానికంటే ఇదే మెరుగు. తాళం తీయకుండా ఎవరైనా చేసుకోగల పని ఇది.

మరి ఏం చేయాలి?

ఉన్నది ఒక్క ఫోనే అయితే, అందులో బ్యాంకు యాప్ ఉంటే, కెర్నెల్ జోలికి పోవద్దు. దానికి బదులు ఈ పనులు చేసి చూడండి.

- ఫోను మెమరీలో కనీసం ఆరోవంతు ఖాళీగా ఉంచండి. గ్రూపుల్లో వచ్చే వీడియోలు వాటంతట అవే దిగకుండా ఆపేయండి. చాలా ఫోన్లలో సగం బరువు అదే.

- వారానికి ఒకసారి ఫోను ఆపి మళ్లీ పెట్టండి. 'ర్యామ్ బూస్టర్', 'స్పీడ్ క్లీనర్' అన్న యాప్‌లు తీసేయండి. అవి చేసే మేలు కంటే చూపించే ప్రకటనలు ఎక్కువ.

- రెండు మూడేళ్లు దాటిన ఫోనుకు ముందుగా బ్యాటరీ చూపించండి. ఉబ్బినట్టు, వెనక మూత లేచినట్టు కనిపిస్తే ఆ రోజే వాడకం ఆపండి.

- సెట్టింగుల్లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి. అందులో మూడు యానిమేషన్ స్కేళ్లను సగానికి, అంటే 0.5కు దించండి. పైసా ఖర్చు లేకుండా ఫోను చురుగ్గా అనిపిస్తుంది. కొన్ని బ్యాంకు యాప్‌లు ఈ ఆప్షన్లు తెరిచి ఉంటే ఒప్పుకోవు. అలా అయితే మళ్లీ మూసేయండి.

- సైటులో ఫోనును నీడలో, బ్యాగులో ఉంచండి. బస్సు అద్దం దగ్గర, ఇనుము మీద పెట్టకండి. వేడిగా ఉన్న ఫోనును వెంటనే ఛార్జింగ్ పెట్టకండి.

ఇక నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్న తమ్ముళ్లు ఉన్నారు. వారిని ఆపమని చెప్పను. ఇంటర్, డిగ్రీ చదివి హెల్పర్ వీసా మీద వచ్చినవారు మన మధ్య చాలామంది. పాత ఫోను ఒకటి సంపాదించి, దాని మీద నేర్చుకుంటే ఆ పనితనం రేపు ఉపయోగపడుతుంది. అయితే అయిదు నియమాలు. సిమ్, బ్యాంకు ఉన్న ఫోను మీద చేయవద్దు. మీ ఫోను మోడలుకు, అందులోని ఆండ్రాయిడ్ వెర్షన్‌కు సరిగ్గా సరిపోయేది, మూల రాత చూపించేది మాత్రమే తీసుకోండి. పాత కెర్నెల్ ఫైలును ముందే దాచిపెట్టుకోండి, తిరిగి ఎక్కించడానికి ల్యాప్‌టాప్ దగ్గర ఉందో లేదో చూసుకోండి. వేడి హద్దును, వోల్టేజీని ముట్టుకోవద్దు. ఇంకొకరి ఫోను మీద, ముఖ్యంగా డబ్బు తీసుకుని, ప్రయోగాలు వద్దు.

కార్పెంటరు అన్న ఫోనుకు కెర్నెల్ మార్చలేదు. ఇద్దరం కూర్చుని వీడియోలు తీసేశాం. కూతురి పెళ్లి ఫోటోలు మాత్రం ముందుగా ఒక మెమరీ కార్డులోకి ఎక్కించాం. తర్వాత బ్యాటరీ మార్పించుకున్నాడు. కొత్త ఫోను అయిపోలేదు, అయిపోతుందని నేను చెప్పనూ లేదు. కానీ కాల్ వస్తే ఎత్తగలుగుతున్నాడు, ఒకటో తారీఖున బ్యాంకు యాప్ తెరుచుకుంటోంది. ఇంకో ఏడాది నడిస్తే, సెలవుకు ఊరు పోయేటప్పుడు కొత్తది చూసుకుంటానంటున్నాడు.